పనిముట్ల పెట్టె: బ్యాటరీ డ్రిల్లు మొరాయిస్తే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కార్డ్‌లెస్ డ్రిల్లు గురించే. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాటిలో ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. వీటిలో కొన్నిటికి ఒక మల్టీమీటర్, అంటే వోల్టులూ ఓమ్‌లూ కొలిచే మీటరు, కావాలి. చవకలో దొరికే పసుపుపచ్చ మీటరు చాలు. అది చేతిలో లేకుండా డ్రిల్లు విప్పకండి. పోయింది బ్యాటరీయా, స్విచ్చా, మోటారా అన్నది తేలకముందే విడిభాగాలు కొని నష్టపోయేవాళ్లే ఎక్కువ.

ప్ర: అయ్యా, నా డ్రిల్లు మీద 48 వోల్టులని రాసి ఉంది. చార్జరులో పచ్చ లైటు తొందరగానే వస్తుంది గానీ నాలుగు స్క్రూలు బిగించేలోపే టక్కున ఆగిపోతా ఉంది. కాసేపాగి నొక్కితే ఇంకొక స్క్రూ పోతుంది, అంతే. కొత్త బ్యాటరీ కొనాల్నా, సెల్లులు మార్చుకుంటే సరిపోతుందా? (ఫర్నిచర్ పని చేసే పాఠకుడు, కావలి)

జ: ముందు ఆ 48 సంగతి చూద్దాం. బ్యాటరీ విప్పితే లోపల ఐదు సెల్లులే కనిపిస్తాయి. కాస్త పెద్ద బ్యాటరీ అయితే రెండేసి చొప్పున ఐదు జతలుగా పది ఉంటాయి. ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులది, నిండా చార్జయితే 4.2. ఐదు వరసలో కలిస్తే 18, నిండితే 21. డబ్బా మీద 20 మ్యాక్స్ అని వేసినా, 48 అని వేసినా, 88 అని వేసినా లోపల ఐదు సెల్లులుంటే అది 18 వోల్టుల డ్రిల్లే. మూడు సెల్లులుంటే లెక్కకి 10.8, దాన్నే 12 వోల్టులది అంటారు. చార్జరైనా మోటారైనా కొనేటప్పుడు సెల్లుల లెక్కే చెప్పండి, పైన రాసిన అంకె కాదు.

మీరు రాసిన లక్షణాన్ని బట్టి ఐదింట్లో ఒక్క సెల్లు నీరసించినట్టుంది. బ్యాటరీలో సెల్లులతోపాటు ఒక చిన్న రక్షణ బోర్డు ఉంటుంది, దాన్ని బీఎంఎస్ అంటారు. డ్రిల్లు స్క్రూ బిగించేటప్పుడు 15, 20 ఆంపియర్లు లాగుతుంది. ఆ లాగుడుకి నీరసపు సెల్లు ఒక్కసారిగా 2.5 వోల్టుల దాకా జారుతుంది, బోర్డు వెంటనే కరెంటు కట్ చేస్తుంది. మిగతా నాలుగూ నిండుగానే ఉన్నా పని ఆగిపోతుంది. చార్జరులో పచ్చ లైటు తొందరగా రావడానికి కారణం కూడా ఇదే. నీరసపు సెల్లులో పట్టేది తక్కువ కాబట్టి అది ముందే 4.2కి చేరుతుంది, బోర్డు చార్జింగ్ ఆపేస్తుంది, చార్జరేమో పని అయిపోయిందనుకుంటుంది.

ఏ సెల్లో పట్టుకోవడానికి రెండు హెడ్‌లైట్ బల్బులు కావాలి. 12 వోల్టులు, 55 వాట్ల పాత బల్బులైనా సరే. రెండింటినీ ఒకదాని వెనక ఒకటి వరసలో కలపండి. (మూడు సెల్లుల బ్యాటరీకి ఒక్క బల్బు చాలు.) చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి. చెక్క బల్ల మీద బ్యాటరీ అడుగు స్క్రూలు విప్పండి. సాధారణంగా టి10 స్టార్ బిట్టు పడుతుంది. స్క్రూ తల మధ్యలో చిన్న మొలక ఉంటే నడుమ రంధ్రం ఉండే టి10 బిట్టు అడగండి. మామూలు స్క్రూడ్రైవరుతో ఆ మొలక విరగ్గొట్టాలని చూస్తే అది జారి సెల్లుల మధ్య పడుతుంది.

ఇప్పుడు నిండా చార్జయిన బ్యాటరీకి బల్బులు కలపండి, సుమారు 4 ఆంపియర్లు లాగుతాయి. బల్బు గాజు బాగా కాలుతుంది, ఇటుక మీద పెట్టండి. ఒక నిమిషం వెలగనిచ్చి, వెలుగుతుండగానే ఒక్కో సెల్లు రెండు కొసల మీద మీటరు పెట్టండి. బాగున్నవి 3.8, 3.9 దగ్గర నిలబడతాయి. ఒకటి 3.2కో 2.9కో పోయి ఇంకా కిందికి జారుతూ కనిపిస్తుంది. అదే దొంగ. బల్బు లేకుండా ఊరికే కొలిస్తే ఐదూ 4 వోల్టుల పైనే చూపించి మోసం చేస్తాయి.

ఒకవేళ పని లేకుండా ఉన్నప్పుడు కూడా ఒక్క సెల్లే మిగతావాటికన్నా 0.3 వోల్టులు తక్కువుంటే, అది పాడైందని అప్పుడే తేల్చేయకండి. వెనకబడి ఉండొచ్చు. టీపీ4056 అనే చిన్న చార్జింగ్ బోర్డు ఎలక్ట్రానిక్స్ షాపులో దొరుకుతుంది. మొబైల్ చార్జరుతో నడుస్తుంది, 1 ఆంపియరుతో ఒక్క సెల్లును 4.2 దాకా నింపి ఆగుతుంది. ఆ ఒక్క సెల్లుకే పెట్టి నింపి, రెండు రోజులు పక్కన పెట్టండి. 4.1 పైన నిలబడి, మళ్లీ బల్బు పరీక్షలోనూ నిలబడితే ఖర్చు లేకుండా బయటపడ్డట్టే. 2 వోల్టుల కన్నా కిందికి పోయి వారాల తరబడి ఉన్న సెల్లును మాత్రం బతికించాలని చూడొద్దు. లోపల రాగి కరిగి పేరుకుంటుంది, చార్జింగులో ఉండగా లోలోపలే షార్టవుతుంది.

సెల్లు మార్చాల్సి వస్తే ఐదూ ఒకేసారి, ఒకే రకానివి మార్చండి. నాలుగు పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే అదే గొడవ మూడు నెలల్లో మళ్లీ మొదలవుతుంది. సైజు 18650, అంటే 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడుగు. అసలు చూడాల్సింది ఎంత కరెంటు ఇవ్వగలదన్నది. శామ్‌సంగ్ 25ఆర్ లాంటి సెల్లు 2500 ఎంఏహెచ్‌ది (ఎంఏహెచ్ అంటే సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత), 20 ఆంపియర్లు ఆగకుండా ఇస్తుంది, డ్రిల్లుకి అలాంటిది కావాలి. పాత ల్యాప్‌టాప్ సెల్లులు 4, 5 ఆంపియర్లకే తయారైనవి. డ్రిల్లులో పెడితే పొయ్యి మీద పెనంలా కాలతాయి. 9800 ఎంఏహెచ్ అని అచ్చేసిన సెల్లు కనబడితే ముట్టుకోకండి, ఆ సైజులో అంత పట్టదు. అసలు సరుకు సుమారు 45 గ్రాములు తూగుతుంది, నకిలీది చేతికి తేలిగ్గా తెలిసిపోతుంది.

సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు. ఐరన్ మొన 350 డిగ్రీలుంటుంది, లోపలి పలచటి ప్లాస్టిక్ పొర 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఈ-బైక్ బ్యాటరీలు కట్టే షాపుల్లో స్పాట్ వెల్డింగ్ మిషను ఉంటుంది. సెల్లులు మీరు తీసుకెళ్లి వాటిని కలిపే పట్టీలు వేయించుకోండి. పట్టీ 0.15 మి.మీ. మందం, 8 మి.మీ. వెడల్పు ఉండే అసలు నికెల్‌ది అడగండి. నికెల్ పూత వేసిన ఇనప పట్టీ చవకే గానీ మన సముద్రపు గాలికి అది నిలవదు. ఏది ఏదో తేల్చడానికి ముక్కను ఆకురాయితో గీకి ఒక రాత్రి ఉప్పునీళ్లలో ఉంచండి. పొద్దున్నే గీత మీద ఎర్రటి తుప్పు కనిపిస్తే ఇనుమే.

వెల్డింగుకి ముందు ఐదింటినీ విడివిడిగా 4.2కి నింపుకోవాలి. ప్లస్ కొస మీద పేపర్ వాషరు తప్పనిసరి, ఎందుకంటే సెల్లు నెత్తిన ఉండే ఆ చిన్న బొడిపె తప్ప మిగతా డబ్బా అంతా మైనస్సే. బోర్డు తీసేటప్పుడు ప్లస్ వైపు నుంచి మొదలుపెట్టి మైనస్ చివర్న ఊడదీయండి, కలిపేటప్పుడు మైనస్ మొదట, తర్వాత ఒక్కో మెట్టూ పైకి. బోర్డు నుంచి సెల్లు ఒంటికి ఆనించి ఒక చిన్న గింజంత భాగం ఉంటుంది, వేడి చూసే థర్మిస్టరు. దాన్ని మళ్లీ సెల్లుకి ఆనించి టేపు వేయండి. అంతా అయ్యాక కొసల మీద సున్నా చూపిస్తే కంగారు పడొద్దు, చార్జరులో ఒక్క నిమిషం పెడితే చాలా బోర్డులు నిద్ర లేస్తాయి.

ప్ర: ట్రిగ్గరు మెల్లగా నొక్కితే తిరగదు. పూర్తిగా అదిమితే ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకుంటుంది. స్క్రూ తలలన్నీ పోతున్నాయి. మోటారు పోయిందంటున్నారు, నిజమేనా? (వడ్రంగి, ఒంగోలు)

జ: మోటారు శుభ్రంగా ఉంది, పోయింది స్విచ్చు. ట్రిగ్గరు లోపల మాస్‌ఫెట్ అనే భాగం కరెంటును సెకనుకి వేల సార్లు ఆపి వదులుతూ స్పీడు తగ్గిస్తుంది. ట్రిగ్గరు చివరిదాకా నొక్కితే దాన్ని పక్కనపెట్టి నేరుగా కలిపే ఒక రాగి పట్టీ చాలా స్విచ్చుల్లో ఉంటుంది. మీ దాంట్లో మొదటిది చచ్చి రెండోది బతికి ఉంది. దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకోటుంది. కొద్దిగా ముట్టుకున్నా ఫుల్ స్పీడు వస్తే మాస్‌ఫెట్ షార్టయిందని అర్థం. అలాంటి డ్రిల్లు వాడటం ఆపేయండి, చేతిలో బిట్టు ఉండగా అది ప్రమాదం.

స్విచ్చు అనుమానం తీర్చుకోవాలంటే డొల్ల (డ్రిల్లు పై ప్లాస్టిక్ కవరు) విప్పి, మోటారు రెండు తీగలు స్విచ్చు నుంచి వేరుచేసి, బ్యాటరీకి నేరుగా ఒక్క క్షణం తాకించండి. డ్రిల్లును బల్ల మీద గట్టిగా పట్టుకుని, చక్కులో, అంటే బిట్టును పట్టుకునే మూతిలో, బిట్టు లేకుండా చేయాలి. మోటారు జోరుగా తిరిగితే కొనాల్సింది స్విచ్చే. పాత స్విచ్చు పక్కన 7.2–24 వోల్టులు డీసీ, 16 ఆంపియర్లు అనో 20 అనో ఉంటుంది. కొత్తది అంతకు తగ్గకూడదు. అంతకన్నా ముఖ్యం ఆకారం. ముందు వెనక్కి తిప్పే మీట పిన్ను ఎక్కడుంది, ట్రిగ్గరు పొడుగెంత అని పాతది పక్కన పెట్టి చూసుకుని కొనండి. బ్యాటరీ నుంచి రెండు, మోటారుకి రెండు, లైటుకి రెండు సన్న తీగలు వస్తాయి. విప్పేముందు మొబైల్లో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. తీగ మందం తగ్గించకండి. మోటారు తీగలు అటూ ఇటూ అయితే పేలేదేమీ లేదు, తిరిగే దిక్కు మాత్రం మీటకు ఎదురవుతుంది.

మూసేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది రెండు చోట్ల. మీట కింద ఉండే గాడి స్విచ్చు పిన్ను మీద కూర్చోకుండానే డొల్ల బిగిస్తారు, మీట ఊరికే అటూ ఇటూ ఆడుతుంది. రెండోది ప్లాస్టిక్కులోకి పోయే స్క్రూలు. స్క్రూను రంధ్రంలో పెట్టి ముందు వెనక్కి తిప్పండి, టిక్ అని చిన్నగా దిగుతుంది. అది పాత మర దొరికిందన్న గుర్తు. అక్కణ్ణుంచి ముందుకు బిగించండి. అలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుని, మూడోసారికి రంధ్రం వదులైపోతుంది.

స్విచ్చులు పోవడానికి పెద్ద కారణం డ్రిల్లు తిరుగుతుండగానే మీట ఎదురు దిక్కుకి నెట్టడం. పూర్తిగా ఆగేదాకా ఒక్క క్షణం ఓపిక పట్టండి. మీట నడిమధ్యన ఉంటే ట్రిగ్గరు పనిచేయదు, అది తాళం. ఆ సంగతి తెలియక డ్రిల్లు షాపుకి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

ప్ర: రాయి పలకలకి బెజ్జాలు వేసే పని. డ్రిల్లు వెనక గాలి సందుల్లోంచి నిప్పురవ్వలు, కాలిన వాసన. మధ్యలో ఆగితే చక్కు చేత్తో కాస్త తిప్పితే మళ్లీ అందుకుంటుంది. (చీమకుర్తి)

జ: చక్కు తిప్పితే అందుకుంటుందంటే కార్బన్లు, అంటే మోటారుకి కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అరిగాయి, లేదా అవి ఆనే రాగి చక్రం, అంటే కమ్యుటేటర్, ఒకచోట కాలింది. మీ ఊళ్లో గ్రానైట్ దుమ్ము దీనికి తోడు. ఆ దుమ్ము పిండిలా మెత్తగా ఉన్నా గాజులా కోస్తుంది. కార్బన్ల కింద చేరితే రాగిని ఆకురాయిలా అరగదీస్తుంది.

మోటారు వెనక రెండు పక్కలా కార్బన్ల మూతలు ఉంటే మీ అదృష్టం. స్క్రూడ్రైవరుతో మూత విప్పి కార్బన్లు బయటికి లాగండి. 5 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే మార్చాలి, రెండూ ఒకేసారి. కొత్తవి కొలత సరిగ్గా సరిపోవాలి. గూట్లో బిగుసుకున్నా, వదులుగా ఊగినా రవ్వలు తప్పవు. కమ్యుటేటర్ నల్లబడితే 600 నంబరు ఉప్పుకాగితం సన్న పట్టీగా చించి, చుట్టి మెల్లగా తిప్పుతూ రాగి రంగు వచ్చేదాకా తుడవండి. రాగి ముక్కల మధ్య సన్న గాళ్లలో నల్లపొడి పంటిపుల్లతో తీసేయాలి, ఆ పొడి కరెంటు పారిస్తుంది. కొత్త కార్బన్లు వేశాక బరువు పెట్టకుండా ఐదు పది నిమిషాలు తిప్పితే రాగి గుండ్రానికి తగ్గట్టు అరిగి కూర్చుంటాయి.

చవక డ్రిల్లుల్లో మోటారు మూసిన రేకు డబ్బా. 550 రకం అంటారు. దాన్ని విప్పి బాగుచేయడం దండగ, మోటారు మొత్తం మార్చండి. మార్చకముందు రెండు తీగలూ వేరుచేసి మీటరును ఓమ్‌ల మీద పెట్టి షాఫ్టును చేత్తో కొద్ది కొద్దిగా తిప్పండి. ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తూ, ఎక్కడైనా ఒకచోట మీటరు తెగిపోయినట్టు చూపిస్తే ఆ చుట్ట కాలిపోయింది. బరువు లేకుండా ఒక నిమిషం తిప్పితేనే డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలినా అదే మాట. కొత్త మోటారుకి మూడు కొలతలు చూసుకోవాలి: వోల్టులు, షాఫ్టు లావు (550కి సాధారణంగా 3.17 మి.మీ.), షాఫ్టు మీద చిన్న గేరు పళ్ల సంఖ్య. గేరు పాతదే వాడాలంటే పుల్లరుతో (గేరును నిటారుగా లాగే పనిముట్టు) లాగండి, సుత్తితో కొడితే షాఫ్టు వంగుతుంది. లాగేముందు మోటారు మొహం నుంచి గేరు అంచు దాకా దూరం స్కేలుతో కొలిచి రాసుకోండి. కొత్త దాని మీద అంతే దూరంలో దించాలి. ఒక మి.మీ. తేడా వచ్చినా గేరుబాక్సు ఏడుస్తుంది.

పని పద్ధతి కూడా మార్చాలి. గ్రానైట్ మీద హామర్ గుర్తు పెట్టి బాదొద్దు, పలక వెనకవైపు పెచ్చు ఊడుతుంది, డ్రిల్లుకీ చేటు. డైమండ్ బిట్టు తీసుకుని, మొదట ఏటవాలుగా ఆనించి గుర్తు పడ్డాక నిటారుగా తెచ్చి, చుక్క చుక్క నీళ్లు పడుతుండగా తక్కువ ఒత్తిడితో పని చేయాలి. డ్రిల్లులోకి నీళ్లు పోకుండా బిట్టు కిందివైపు చూసేలా పట్టుకోండి. రోజంతా ఇదే పనైతే కార్డ్‌లెస్ మీద పెట్టే డబ్బు వృథా, వైరు మిషను కొనుక్కోండి. మూతికి ఎన్95 మాస్కు కట్టుకోండి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే మందు లేదు, దుమ్ము పీల్చకపోవడం ఒక్కటే దారి.

ప్ర: కొత్తపట్నంలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. బ్యాటరీని కిందికి అదిమి పట్టుకుంటేనే డ్రిల్లు తిరుగుతుంది. రేకులు పచ్చగా, తెల్లగా బూజు పట్టినట్టున్నాయి. మా తమ్ముడి డ్రిల్లేమో రొయ్యల చెరువులో పడింది. అది పనికొస్తుందా?

జ: మీది తేలిక. ఉప్పుగాలికి రాగి రేకులు చిలుము పట్టాయి. బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి డ్రిల్లు వైపు రేకులు రుద్దండి. మొండి మరకకి పెన్సిల్ రబ్బరు వాడండి. గరుకు ఎమరీ వద్దు, పైపూత పోతే తర్వాత ఇంకా త్వరగా చిలుము పడుతుంది. బ్యాటరీ వైపు శుభ్రం చేసేటప్పుడు లోహం తగలనివ్వకండి, దూది చుట్టిన వెదురు పుల్ల చాలు. డ్రిల్లు వైపు రేకులు జంటగా, చిమ్మటాలాగా ఉంటాయి. వాడగా వాడగా ఎడం అవుతాయి. సన్న ముక్కు పటకారుతో రవ్వంత దగ్గరికి నొక్కండి. చివరగా పెట్రోలియం జెల్లీ వేలితో తుడిచినంత పలచగా రాయండి. రేకు మొదట్లో ప్లాస్టిక్ కరిగి గోధుమరంగు తిరిగి ఉంటే శుభ్రం చేసినా ఉండదు, ఆ టెర్మినల్ ముక్క మార్చాలి. వదులు కొసల దగ్గర వేడి పుట్టి అలా కరుగుతుంది.

చెరువులో పడిన డ్రిల్లు విషయంలో తొందర కావాలి. బ్యాటరీని వెంటనే ఊడదీసి ఇంటికి దూరంగా, ఆరుబయట ఇసక మీదో మట్టి మీదో పెట్టండి. దాన్ని ఆరబెట్టి మళ్లీ చార్జింగులో పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఉప్పునీళ్లు లోపల సెల్లుల కొసల్ని మెల్లగా తినేస్తూ, రోజులు గడిచాక కూడా మంటలు లేపగలవు. డ్రిల్లును మాత్రం మంచినీళ్లతో బాగా కడగాలి. వింతగా అనిపించినా అదే సరైన పని, ఉప్పు ఎండి గట్టిపడకముందే పోవాలి. తర్వాత డొల్ల విప్పి స్విచ్చు, మోటారు మీద ఆల్కహాల్ పోసి నీటిని తరిమి, నీడలో ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఉంచండి. గేరుబాక్సు గ్రీజు పాలలాగా తెల్లబడితే అందులో నీరు కలిసినట్టే, తుడిచి కొత్తది పెట్టాలి. మోటారు బేరింగులకి ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేయండి. మూడు రోజుల లోపల ఇవన్నీ జరిగితే చాలా డ్రిల్లులు బతుకుతాయి. వారం పక్కన పడేసి తర్వాత విప్పితే తుప్పు తప్ప ఏమీ మిగలదు.

ప్ర: నమస్తే అండీ. ఇంట్లో కర్టెన్ రాడ్లు బిగించుకోవడానికి కొన్నాను. టకటకమని శబ్దం వస్తుంది, స్క్రూ మాత్రం దిగదు. (పాఠకురాలు, నెల్లూరు)

జ: మీ డ్రిల్లుకి ఏ రోగమూ లేదమ్మా. చక్కు వెనక అంకెలున్న రింగు క్లచ్చు. చిన్న అంకె మీద ఉంటే కొద్ది బలానికే జారి అలా శబ్దం చేస్తుంది. స్క్రూ దిగేదాకా అంకె పెంచుకుంటూ పొండి. బెజ్జం వేసేటప్పుడు బిట్టు బొమ్మ ఉన్నచోటికి తిప్పండి. పైన 1, 2 మీట ఉంటే స్క్రూలకి 1. డ్రిల్లు ఆగి ఉన్నప్పుడే మార్చాలి. బిట్టు బొమ్మ మీద పెట్టినా టకటకలాడితే అప్పుడు క్లచ్చు స్ప్రింగో, లోపలి గోలీలో అరిగాయని అనుమానించాలి.

ప్ర: ఎండలో పని చేసొచ్చి చార్జింగు పెడితే లైటు మిణుకుమిణుకుమంటా ఉంది, ఎక్కదు. రాత్రికి ఎక్కుతుంది. చార్జరు మార్చాల్నా? దగ్గర్లో బైకు బ్యాటరీ చార్జరు ఉంది, అది పెట్టొచ్చా? (సింగరాయకొండ)

జ: చార్జరు మార్చక్కర్లేదు. రాత్రికి ఎక్కుతుందంటే థర్మిస్టరు తన పని తాను చేస్తోంది. లిథియం సెల్లు ఒళ్లు 45 డిగ్రీలు దాటితే చార్జింగు ఎక్కించకూడదు. రోహిణి కార్తెలో నీడలోనే 42, 43 ఉంటుంది, డ్రిల్లు వాడిన వేడి దానికి కలుస్తుంది. బ్యాటరీని ఊడదీసి గచ్చు నేల మీద, ఫ్యాను గాలికి అరగంట ఉంచి అప్పుడు పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. బండి డిక్కీలో, ట్రాలీ మీద ఎండలో వదిలేయడం బ్యాటరీకి అన్నిటికన్నా చేటు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో, ఇంట్లో చల్లని అరలో పెట్టుకోండి.

బైకు చార్జరు మాత్రం ముట్టుకోకండి. అది సీసపు బ్యాటరీకి చేసినది, 14 వోల్టుల పైదాకా నెడుతుంది. మూడు సెల్లుల డ్రిల్లు బ్యాటరీకి 12.6 హద్దు. ఐదు సెల్లులదానికి 21. ఒక్కో సెల్లు 4.2 దాటితే నిప్పుతో చెలగాటం. చార్జరు నిజంగా పోయిందో లేదో తెలియాలంటే దాని కొస మీద మీటరు పెట్టండి. సాదా పిన్ను చార్జరైతే బ్యాటరీ లేకుండానే 21 దగ్గర చూపించాలి. సున్నా అయితే ముందు పిన్ను దగ్గర తీగ విరిగిందేమో వంచి చూడండి, చాలావరకు అక్కడే తెగుతుంది. 24 వోల్టుల అడాప్టరు దగ్గర్లో ఉంది కదా అని కోసి కలపడం వద్దు, అదే సైజు పిన్ను దూరినా సరే.

ప్ర: చక్కు దవడలు ఊగుతున్నాయి, బిట్టు వంకరగా తిరుగుతుంది. కొత్త చక్కు కొన్నాను, పాతది ఎంత బలంగా తిప్పినా ఊడటం లేదు. ఎట్టా తీయాల? (ఎలక్ట్రీషియన్, నెల్లూరు)

జ: బ్యాటరీ తీసేయండి. చక్కు దవడలు పూర్తిగా తెరిచి టార్చి వేసి లోపలికి చూడండి. అడుగున దుమ్ము కింద ఒక స్క్రూ తల కనిపిస్తుంది. ఆ దుమ్ము పుల్లతో గీకి శుభ్రం చేయండి, లేకపోతే బిట్టు సగమే కూర్చుని తల చెడుతుంది. ఆ స్క్రూది ఎడమ మర. అంటే అన్ని స్క్రూలూ బిగిసే దిక్కుకి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఇది ఊడుతుంది. డ్రిల్లును వెనక్కి తిప్పినప్పుడు చక్కు ఊడిపోకుండా అలా పెట్టారు. మీరు ఇంతసేపూ చక్కును ఊడదీస్తున్నారు, లోపల ఈ స్క్రూ పట్టి ఉంచింది.

అది బయటికొచ్చాక చక్కు మామూలు మరే. గేరు 1లో, క్లచ్చు బిట్టు బొమ్మ మీద పెట్టండి. 8 లేదా 10 మి.మీ. ఎలెన్ కీ (ఎల్ ఆకారంలో వంగిన ఆరు పలకల కడ్డీ) పొట్టి కొసను చక్కులో బిగించి, పొడుగు కొస బల్లకి సమానంగా వచ్చేలా డ్రిల్లును పడుకోబెట్టండి. ముందు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కులో ఆ కొస మీద చెక్క సుత్తితో ఒక్క చురుకైన దెబ్బ వేయండి. మెల్లగా నెట్టితే గేరు తిరిగిపోతుంది గానీ మర కదలదు, దెబ్బలోనే ఉంది కిటుకు. మూడు దెబ్బలకీ రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే మర మీద పడేలా కొట్టి రెండు గంటలాగండి.

కొత్త చక్కు పాతదానికి సరిపోతుందా అన్నది దాని ఒంటి మీదే ఉంటుంది. 1/2-20 అని ఉంటే అర అంగుళం, అంగుళానికి 20 మరలు. 3/8-24 ఇంకో కొలత. రెండూ ఒకదానికొకటి ఎక్కవు. బిగించే ముందు షాఫ్టు భుజం మీద మట్టి, తుప్పు గుడ్డతో తుడవండి, ఇసక రేణువు ఇరుక్కున్నా కొత్త చక్కు కూడా వంకరే తిరుగుతుంది. ఎడమ స్క్రూ మర మీద నీలంరంగు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి గడియారానికి ఎదురుగా బిగించండి. తర్వాత 6 మి.మీ. నిటారు కడ్డీ పట్టించి మెల్లగా తిప్పి చూడండి. కడ్డీ కొస ఇంకా గుండ్రంగా ఊగుతుంటే చక్కుది తప్పు కాదు, షాఫ్టు వంగింది, లేదా గేరుబాక్సు ముందు బేరింగు పోయింది. ఆ బేరింగు విప్పేటప్పుడు క్లచ్చులోంచి చిన్న ఉక్కు గోలీలు రాలతాయి, పళ్లెంలో గుడ్డ పరిచి దాని మీద విప్పండి, ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. మళ్లీ మూసేటప్పుడు గేర్ల పళ్లకి లిథియం గ్రీజు నాలుగైదు గ్రాములు, అంటే ఒక చెంచాడు, చాలు. నిండా కూరితే గ్రీజును తోసుకుంటూ తిరగలేక మోటారు వేడెక్కుతుంది.